మనసులో ఎటు తిరిగి నిలబడ్డాం?

ఫ్లాట్ కొనేవాళ్ళు ముందుగా అడిగే ప్రశ్నల్లో "ఏ ఫేసింగ్ అండీ?" ఒకటి. "ఈస్ట్ ఫేసింగ్" అని జవాబు వస్తుంది. అక్కడే చాలామంది ఒక్క క్షణం తికమక పడతారు. ఇంటి బయట, సింహద్వారానికి ఎదురుగా నిలబడినట్టు అనుకుంటే మన మొహం పడమరకి ఉంటుంది. గడపలో నిలబడి బయటికి చూస్తున్నట్టు అనుకుంటే తూర్పుకి ఉంటుంది. ఈస్ట్ ఫేసింగ్ అంటే ఈ రెండోది. ఆగ్నేయంలో ఉన్న వంటగది మొదటి మనిషికి ఎడం చేతి వైపు, రెండో మనిషికి కుడి చేతి వైపు వస్తుంది. ఇల్లు కదల్లేదు, తలుపు కదల్లేదు. మనసులో మన ఒంటిని ఎక్కడ, ఎటు తిప్పి నిలబెట్టుకున్నామో అదొక్కటే మారింది.

ఈ తికమక తెలివితక్కువతనం కాదు. ఒక చోటు గురించి కుడి, ఎడమ, ముందు, వెనక అని ఏది అడిగినా మనసు ముందుగా ఆ చోట్లో ఒక ఒంటిని నిలబెట్టుకుంటుంది. ఆ ఒళ్ళు ఎక్కడుంది, ఎటు చూస్తోంది, నిలబడిందా పడుకుందా, చేతులు ఎక్కడ పెట్టుకుంది అన్న లెక్కల మీదే జవాబు ఎంత తొందరగా వస్తుందో, ఎంత సరిగ్గా వస్తుందో ఆధారపడుతుంది. కొన్ని సందర్భాల్లో అసలు జవాబు దొరుకుతుందా లేదా అన్నది కూడా దాని మీదే ఉంటుంది. ఈ చివరి మాట అతిశయోక్తిలా అనిపించవచ్చు. కానీ దానికి గట్టి సాక్ష్యం ఉంది.

ఆ సాక్ష్యం ఇటలీలోని మిలాన్ నగరం నుంచి వచ్చింది. 1978లో ఎడొఆర్దో బిసియాక్, క్లాదియో లుజ్జాత్తి అనే పరిశోధకులు ఇద్దరు రోగుల గురించి చిన్న వ్యాసం ఒకటి ప్రచురించారు. ఇద్దరికీ మెదడు కుడి భాగం దెబ్బతింది. అలాంటివాళ్ళలో కొందరికి ఎడమ పక్క లోకం ఉన్నా లేనట్టే అవుతుంది. వైద్యులు దీన్ని నెగ్లెక్ట్ అంటారు. కళ్ళలో లోపం ఉండనక్కర్లేదు. కంచంలో కుడి సగం అన్నం తినేసి, ఎడమ సగం అలాగే ఉండగా, ఇంకా కాస్త పెట్టమని అడుగుతారు. గెడ్డం ఒకవైపే గీసుకుంటారు. గడియారం బొమ్మ వేయమంటే పన్నెండు అంకెల్నీ కుడి సగంలోకే ఇరికిస్తారు. ఎడమవైపు వదిలేశానన్న సంగతే వాళ్ళకి తట్టదు.

బిసియాక్, లుజ్జాత్తి ఈ రోగులకి బొమ్మ ఏదీ చూపించలేదు. కళ్ళతో పని లేని ప్రశ్న అడిగారు. మిలాన్‌లో పెద్ద కెథడ్రల్ ముందు పియాజ్జా దెల్ దువోమో అనే విశాలమైన చౌక్ ఉంది. ఊరివాళ్ళకి అది మన దగ్గర గుడి వీధి ఎంత తెలుసో అంత తెలుసు. "మీరు చౌక్ అవతలి కొసన, కెథడ్రల్ వైపు మొహం పెట్టి నిలబడ్డారనుకోండి. ఏమేం కనిపిస్తాయో చెప్పండి" అన్నారు. రోగులు ప్రధానంగా కుడివైపు ఉన్నవాటినే చెప్పారు. కెథడ్రల్‌కి ఎదురుగా నిలబడినవాళ్ళకి కుడి పక్కన, అంటే దక్షిణాన, రాజప్రాసాదం ఉంటుంది. ఎడమ పక్కన, ఉత్తరాన, గాజు కప్పుతో కట్టిన గల్లేరియా అనే పేరుమోసిన బజారు ఉంటుంది. అది రోజూ వేలమంది నడిచే చోటు. అయినా ఆ పక్క దాదాపు ఖాళీ.

తర్వాత అదే రోగుల్ని ఇంకోలా అడిగారు. "ఇప్పుడు కెథడ్రల్ మెట్ల మీద నిలబడి చౌక్ వైపు చూస్తున్నారనుకోండి." ఈసారి ఇందాక మాయమైన పక్కంతా బయటికి వచ్చింది. ఇందాక గడగడా చెప్పిన పక్క మాయమైంది. మధ్యలో రోగి కుర్చీలోంచి లేవలేదు, తల తిప్పలేదు. జ్ఞాపకంలోకి కొత్తగా చేరింది ఏదీ లేదు. మనసులో మనిషి వెనక్కి తిరిగాడు, అంతే.

ఈ ఫలితం దగ్గర కాస్త ఆగాలి. జ్ఞాపకం చెరిగిపోయి ఉంటే, చెరిగిన ముక్క ఎటు తిరిగి అడిగినా దొరక్కూడదు. కానీ దొరికింది. కాబట్టి చౌక్ మొత్తం ఆ మనుషుల మెదడులో భద్రంగానే ఉంది. ఊహలో నిలబెట్టుకున్న ఒంటికి ఎడమవైపు పడింది మాత్రమే అందకుండా పోతోంది. ఊహలోని ఒంటికి కూడా కుడి, ఎడమ ఉంటాయన్నమాట. అవి నిజం ఒంటి కుడి, ఎడమలకి కట్టుబడే ఉంటాయి. మనసులో మెదిలే దృశ్యం ఎటునుంచైనా తిప్పి చూసుకోగలిగే పటం లాంటిది కాదు. ఎవరో ఒకరు ఒకచోట నిలబడి చూస్తున్న దృశ్యం అది.

1993లో నేచర్ పత్రికలో వచ్చిన ఇంకో రోగి కథ దీనికి తలకిందులు. అతనికి ఎదురుగా ఉన్నవి రెండు వైపులా బాగానే కనిపించేవి. ఊహించుకోమంటేనే ఎడమ పక్క పోయేది. అంటే చూడటమూ ఊహించడమూ ఒకే దారిలో నడిచినా, ఎక్కడో విడిపోయే మలుపు కూడా ఉంది.

1994లో వచ్చిన మరో ఫలితం, వినడానికి వింతగా ఉన్నా, లోపల ఏం జరుగుతోందో దగ్గరగా చూపిస్తుంది. ఫ్రాన్స్‌లో ఇలాంటి రోగుల్ని తమ దేశ పటం ఊహించుకుని ఊళ్ళ పేర్లు చెప్పమన్నారు. పటంలో ఎడమవైపు, అంటే పడమటి ఊళ్ళు, వాళ్ళ నోట సరిగ్గా రాలేదు. తర్వాత ఎడమ చెవిలో చల్లటి నీళ్ళు పోశారు. ఆ చల్లదనానికి లోపలి చెవిలోని బ్యాలెన్స్ అవయవం కదిలి, ఒళ్ళు తిరుగుతున్నట్టు మెదడుకి కబురు పంపుతుంది. కాసేపు పడమటి ఊళ్ళ పేర్లు పలికాయి. ఆ ప్రభావం తగ్గాక మళ్ళీ పోయాయి. చెవిలో నీళ్ళకీ భూగోళ పాఠానికీ సంబంధం ఏమిటి? పటాన్ని ఊహించుకునేటప్పుడు కూడా మెదడు ఒంటి బ్యాలెన్స్ లెక్కల్నే వాడుకుంటోంది. ఆ లెక్క జరిగితే ఊహలోని లోకం కూడా జరుగుతుంది.

రోగుల సంగతి పక్కన పెట్టి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ దగ్గరికి వస్తే, 1990లో నాన్సీ ఫ్రాంక్లిన్, బార్బరా ట్వెర్స్కీ చేసిన ప్రయోగాలు చక్కగా ఉంటాయి. చదివేవాళ్ళకి ఒక చిన్న కథనం ఇస్తారు. మీరు ఒక ఒపెరా హాలు బాల్కనీలో నిలబడి ఉన్నారు, మీ వెనక దీపం ఉంది అంటూ చుట్టూ, పైనా కిందా వస్తువులు పేర్చి చెబుతారు. తర్వాత తల పైన ఏముంది, కాళ్ళ కింద ఏముంది, ముందు, వెనక, కుడి, ఎడమ ఏమున్నాయి అని అడుగుతారు. ఆరు దిక్కులూ సమానమైతే ఆరిటికీ ఒకే టైం పట్టాలి. అలా జరగలేదు. తల, కాళ్ళ వైపు ఉన్నవి అన్నిటికంటే ముందు తట్టాయి. ముందు, వెనక ఉన్నవి తర్వాత. కుడి ఎడమలు అన్నిటికంటే ఆలస్యం.

దీనికి కారణం మన ఒంటి నిర్మాణంలోనే ఉంది. పైకీ కిందకీ తేడా తెలియడానికి భూమి ఆకర్షణ ఉంది, తల వేరు, కాళ్ళు వేరు. ముందుకీ వెనక్కీ తేడా ఉంది, కళ్ళు ఒకవైపే ఉన్నాయి, నడక ఒకవైపే. కుడి ఎడమలకి అలాంటి గుర్తేం లేదు, రెండు పక్కలూ అద్దంలో బొమ్మల్లా ఒకేలా ఉంటాయి. అందుకే పిల్లలకి కుడి అంటే ఏదో నేర్పేటప్పుడు పెద్దవాళ్ళు "తినే చెయ్యి" అంటారు. ఒంటి ఆకారంలో దొరకని తేడాని చేసే పనిలోంచి తెచ్చి ఇస్తారు.

అదే ప్రయోగంలో కథనంలోని మనిషి నిలబడి లేడు, పడుకుని ఉన్నాడని చెప్పినప్పుడు వరస మారిపోయింది. ఇప్పుడు తల, కాళ్ళ కంటే ముందు, వెనకే తొందరగా తట్టాయి. పడుకున్న మనిషి తల ఆకాశం వైపు లేదు కాబట్టి భూమి ఆకర్షణ ఇచ్చే సాయం పోయింది. చదివేవాళ్ళు మాత్రం కుర్చీలో నిటారుగానే కూర్చుని ఉన్నారు. పడుకున్నది ఊహలోని ఒళ్ళు. జవాబుల వరస ఆ ఒంటిని బట్టే నడిచింది.

ఊహలో జరగడం తేలిక, తిరగడం కష్టం. జాన్ రీసర్ 1989లో ప్రచురించిన పరిశోధన దీన్ని స్పష్టంగా చూపించింది. చుట్టూ వస్తువులు అమర్చిన చోట మధ్యలో మనిషిని నిలబెట్టి, వాటి స్థానాలు నేర్చుకున్నాక, కళ్ళు మూసి వేలితో చూపించమన్నారు. "ఎటు చూస్తున్నారో అటే చూస్తూ, ఫలానా వస్తువు దగ్గరికి జరిగారనుకోండి" అంటే పెద్ద ఇబ్బంది రాలేదు. "ఉన్న చోటే ఉండి, ఫలానా వస్తువు వైపు తిరిగారనుకోండి" అనేసరికి, ఎంత ఎక్కువ తిరగాలో అంత టైం పట్టింది, తప్పులూ పెరిగాయి. కళ్ళు మూసుకునే నిజంగా తిరగనిస్తే మాత్రం కష్టం దాదాపు పోయింది.

నిజంగా తిరిగితే మెదడు లెక్క దానంతటదే సవరించుకుంటుంది. డేనియల్ సైమన్స్, రాన్షియావో వాంగ్ 1998లో ఒక గుండ్రటి బల్ల మీద 5 వస్తువులు పెట్టి ఇదే సంగతి మరో దారిలో చూశారు. తెర వేసి ఒక వస్తువుని జరుపుతారు. ఆ లోపల మనిషి బల్ల చుట్టూ నడిచి మరో వైపుకి వెళ్తే, ఏది జరిగిందో బాగా చెప్పగలిగాడు. మనిషిని కదలనివ్వకుండా బల్లనే అంత మేర తిప్పితే తడబడ్డాడు. రెండు సందర్భాల్లోనూ కంటికి కనిపించేది ఒకటే.

ఊహలో తిరగడం ఎందుకంత బరువు? మనసు ఎంత లెక్క చెయ్యాల్సి వస్తుందో అంత టైం పడుతుందనేది ఒక వివరణ. రెండోది ఇంకా నమ్మదగ్గదిగా ఉంది. ఊహలోని ఒళ్ళు ఉత్తరం వైపు తిరిగినా, నిజం ఒళ్ళు తూర్పు వైపే ఉంటుంది. "కుడి చెయ్యి ఇటు" అని నిజం ఒళ్ళు చెబుతూనే ఉంటుంది. "కాదు, అటు" అని ఊహలోని ఒళ్ళు అంటుంది. ఈ లాగులాటలో టైం పోతుంది. దీనికి పక్క సాక్ష్యం కూడా ఉంది. కళ్ళకు గంతలు కట్టి గిరగిరా తిప్పి, తాను ఎటు ఉన్నాడో తెలియకుండా చేస్తే, నిజం ఒళ్ళు చూస్తున్న దిక్కుకి ఉండే మొగ్గు పోతుంది. తన దిక్కు తనకే తెలియని మనిషికి లాగులాట ఉండదు.

క్లాస్ కెస్లర్, లిండ్సే థామ్సన్ 2010లో దీన్ని మరింత దగ్గరగా చూశారు. తెర మీద ఒక గుండ్రటి బల్ల, దాని పక్కన ఒక మనిషి బొమ్మ, బల్ల మీద రెండు వస్తువులు. ఆ మనిషికి ఫలానా వస్తువు కుడివైపా, ఎడమవైపా చెప్పాలి. చెప్పేవాళ్ళ ఒంటిని ముందే ఒక పక్కకి తిప్పి కూర్చోబెట్టారు. మనసు తిరగాల్సిన వైపుకే ఒళ్ళు తిరిగి ఉంటే జవాబు తొందరగా వచ్చింది. ఎదురు వైపు తిరిగి ఉంటే ఆలస్యమైంది. మనసులో తిరగడమంటే, ఒళ్ళు తిరగడాన్ని లోలోపల నడిపించి చూసుకోవడమే అన్నమాట. ఇలాంటి పనుల్లో అడిగిన ప్రశ్నని బట్టి కూడా కథ మారుతుంది. "అతనికి అది కనిపిస్తోందా?" అని అడిగితే మనసులో తిరగాల్సిన పనే ఉండదు, అతని కళ్ళ నుంచి ఒక గీత గీసుకుంటే చాలు. "అతనికి అది ఏ పక్కన ఉంది?" అంటేనే అతని చోట్లో మన ఒంటిని పెట్టాల్సి వస్తుంది.

ఇంట్లో చేసి చూడదగ్గ పరీక్ష ఒకటుంది. కళ్ళు మూసుకున్న మనిషి నుదుటి మీద వేలితో ఇంగ్లీషు చిన్న బి గానీ, చిన్న డి గానీ రాయాలి. ఏ అక్షరమో చెప్పమనాలి. ఎదుటివాళ్ళు బి రాస్తే చాలామంది డి అంటారు. తల వెనక రాస్తే సరిగ్గా చదువుతారు. నుదుటి మీది అక్షరాన్ని తల లోపలి నుంచి ముందుకి చూస్తున్నట్టు చదవడం వల్లే ఈ తిరకాసు. కొందరు మాత్రం నుదుటి మీది బి ని బి గానే చదువుతారు. వాళ్ళు తెలియకుండానే తమ ఎదుటికి వచ్చి నిలబడి, తమ మొహాన్ని తామే చూసుకుంటున్నారు. చర్మానికి తగిలింది ఒకటే. చూసే మనిషిని ఎక్కడ నిలబెట్టామన్న దాన్ని బట్టి అక్షరమే మారింది.

చేతుల సంగతి ఇంకా లోతైనది. తెర మీద చేతి బొమ్మ చూపించి అది కుడి చెయ్యా, ఎడమ చెయ్యా అని అడిగితే, మన చేతిని ఆ భంగిమలోకి తేవడం ఎంత కష్టమో అంత ఆలస్యంగా జవాబు వస్తుందని 1987లో లారెన్స్ పార్సన్స్ చూపించాడు. మణికట్టు అటు తిరగదనుకున్న బొమ్మలకి మరీ ఆలస్యం. దీర్ఘకాలం చేతి నొప్పితో బాధపడే కొందరు, నొప్పి ఉన్న చేతి బొమ్మ వస్తే ఇంకా నెమ్మదిగా చెబుతారు. చెయ్యి కదల్లేదు. ఊహలో కదిలించడానికే మనసు వెనకాడుతోంది.

2009లో క్రిస్టఫర్ దవోలి, రిచర్డ్ ఏబ్రమ్స్ చేసిన పని అన్నిటికంటే సూటిగా ఈ విషయానికి తగులుతుంది. అప్పటికే ఒక సంగతి తెలుసు. కంప్యూటర్ తెరని రెండు చేతులతో పట్టుకుని అందులో అక్షరాలు వెతికితే, చేతులు ఒళ్ళో పెట్టుకుని వెతికినప్పటి కంటే నెమ్మదిగా వెతుకుతారు. చేతికి దగ్గరగా ఉన్న వస్తువుని మెదడు తొందరగా వదలదు, పట్టి పట్టి చూస్తుంది. చేతికి అందేది పనికొచ్చేదో, ప్రమాదమైనదో తేల్చుకోవాలి కదా. దవోలి, ఏబ్రమ్స్ చేతుల్ని ముట్టుకోలేదు. తెరని పట్టుకున్నట్టు ఊహించుకోమని ఒకసారి, చేతులు వెనక్కి కట్టుకున్నట్టు ఊహించుకోమని ఇంకోసారి అడిగారు. పట్టుకున్నట్టు ఊహించుకున్నప్పుడు వెతుకులాట నెమ్మదించింది. నిజం చేతులకి వచ్చిన ప్రభావం ఊహలోని చేతులకీ వచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త కావాలి. ఒంటి స్థితి చూపుని మారుస్తుందన్న మాటలన్నీ ఒకే బరువు మోయవు. బరువైన సంచీ తగిలించుకున్నవాళ్ళకి కొండ ఎక్కువ ఏటవాలుగా కనిపిస్తుందని 1999లో వచ్చిన పరిశోధన చాలా పేరు తెచ్చుకుంది. పదేళ్ళ తర్వాత ఫ్రాంక్ డర్గిన్ బృందం అలాంటి ప్రయోగాన్నే మళ్ళీ చేసి, సంచీ ఎందుకు ఇచ్చారో ఊహించి పట్టేసిన వాళ్ళలోనే ఆ తేడా ఎక్కువగా కనిపిస్తోందని తేల్చింది. అంటే కన్ను మారలేదు, పరిశోధకుడు ఏం ఆశిస్తున్నాడో అది చెప్పారు. ఇలాంటి విషయాల్లో "నీకెంత అనిపిస్తోంది?" అని అడిగి రాబట్టిన జవాబుల కంటే, మనిషి చేతిలో లేని కొలతలు మేలు. ఎంత వేగంగా వెతికాడు, ఎన్ని క్షణాలు ఆలస్యమైంది లాంటివి కావాలని మార్చడం కష్టం. మిలాన్ రోగి కావాలని ఒక పక్క దాచిపెట్టలేదు. అందుకే ఈ వ్యాసంలో బరువంతా అలాంటి ఫలితాల మీదే ఉంది.

ఇవన్నీ తెలిశాక రోజువారీ చిక్కులు కొన్ని విప్పుకుంటాయి. ఫోన్‌లో దారి చెప్పేటప్పుడు రోజూ జరిగే మాటలే చూడండి. "పెట్రోల్ బంక్ దగ్గరున్నా అన్నా." "అక్కడ రైట్ తీసుకో." "ఎటునుంచి రైట్?" ఆ మూడో మాటలోనే చిక్కంతా ఉంది. చెప్పేవాడి మనసులో ఒక ఒళ్ళు ఒకవైపు తిరిగి నిలబడింది. వినేవాడి ఒళ్ళు ఇంకోవైపు ఉంది. "బంకుకి వీపు పెట్టి నిలబడు, నీ కుడి చేతి వైపు సందు" అంటే ఒక్క మాటతో తేలిపోతుంది. ముందు ఒంటిని నిలబెట్టి, తర్వాత దిక్కు చెప్పడం. పల్లెల్లో పెద్దవాళ్ళు ఈ గొడవని ఇంకోలా దాటేస్తారు. "తూర్పు గోడకి జరుపు", "పడమటింట్లో ఉంది" అంటారు. అక్కడ కుడి ఎడమలు లేవు కాబట్టి ఎవరి ఒంటిలోకీ దూరాల్సిన పని లేదు. కాకపోతే దిక్కు ఎప్పుడూ మనసులో ఉండాలి. బస్సు దిగిన కొత్త ఊళ్ళో, అయిదో అంతస్తులో, ఆ సౌకర్యం ఉండదు.

ఆస్పత్రుల్లో, మాల్స్‌లో "మీరు ఇక్కడ ఉన్నారు" అని పెట్టే పటాలు కూడా అంతే. పటం పై భాగం, దాన్ని చూస్తున్న మనిషికి ఎదురుగా ఉన్న వైపుకి సరిపోకపోతే, జనం తప్పు దారిలో వెళ్తారని మార్విన్ లెవిన్ 1980ల్లోనే చూపించాడు. ఒకే బొమ్మని అచ్చువేయించి నాలుగు గోడలకీ అంటించడం చౌక. కానీ స్ట్రెచర్ వెనక పరిగెత్తే మనిషి చేత మనసులో గిర్రున తిరగమనడం అన్యాయం. ప్రతి గోడకీ దానికి తగ్గట్టు తిప్పిన పటం పెట్టాలి.

అన్నిటికంటే ఈ విషయం అక్కరకొచ్చేది పక్షవాతం వచ్చినవాళ్ళ ఇళ్ళలో. ఎడమవైపు నిలబడి పలకరిస్తే తల తిప్పని నాన్నకి కోపం వచ్చిందనుకుంటారు. కంచంలో సగం వదిలేసిన అమ్మ మొండికేసిందనుకుంటారు. చూపు తగ్గిందేమోనని కళ్ళజోడు మార్పిస్తారు. కంచాన్ని కాస్త తిప్పి పెడితే మిగతా అన్నం కూడా తినేస్తారు. అలా తిన్నారంటే అది ఆకలి సంగతీ, అలక సంగతీ కాదు. ఇంకొంచెం గమనించాలనుకుంటే, వీధి గేటు దగ్గర నిలబడినట్టు అనుకుని ఇంటి గురించి చెప్పమనాలి. తర్వాత పెరట్లోంచి ఇంటివైపు చూస్తున్నట్టు చెప్పమనాలి. మొదటిసారి నూతి మాట రాకుండా రెండోసారి వచ్చి, మొదట చెప్పిన జామచెట్టు రెండోసారి రాకపోతే, ఆ రెండు జవాబుల్నీ అలాగే ఒక కాగితం మీద రాసుకుని డాక్టరుకీ, ఫిజియోథెరపీ చేసేవాళ్ళకీ చూపించాలి.